పస్తు, ఉపవాసం, ‘మత్తు గ్రాహకులు’

సందేహం: పిల్లల కోసం రాసుకున్న జీవశాస్త్ర పాఠంలో ‘ఉపవాసం వల్ల మెదడులోని మత్తు గ్రాహకులు తగ్గుతాయి’ అని రాశాను. ‘మత్తు గ్రాహకులు’ సరైన ప్రయోగమేనా? పూట దాటితే మా అమ్మమ్మ అనే ‘ఆకలి చచ్చిపోయింది’ అన్న మాటను ఇక్కడ ఉదాహరణగా చెప్పవచ్చునా? – ఒక ఉపాధ్యాయిని, శ్రీకాకుళం

సమాధానం: గ్రాహకుడు, గ్రాహకులు అన్నవి మనుషులకు వాడే రూపాలు. గ్రహించేది అన్న అర్థంలో కణంమీది ప్రోటీనుకు గ్రాహకం, బహువచనంలో గ్రాహకాలు అనాలి. ‘మత్తు’ అన్న విశేషణం మాత్రం నాకు సమ్మతం కాదు. తెలుగులో నిద్రమత్తు ఉంది, కల్లు మత్తు ఉంది. ఇవేవీ ఈ గ్రాహకాలకు ప్రత్యేకమైనవి కావు. నల్లమందు, మార్ఫిన్ వంటివి వచ్చి అతుక్కునే ఈ గ్రాహకాలను 1973లో ప్రయోగపూర్వకంగా చూపారు. 1975లో వాటికి అతుక్కునే ఎన్కెఫలిన్లు అనే పదార్థాలు మెదడులోనే తయారవుతాయని తేలింది. నొప్పిని తగ్గించడం, తిండి మీద ఇష్టాన్ని కలిగించడం వంటి పనులు మత్తుపదార్థం ఊసే లేని ఒంట్లో కూడా జరుగుతాయి కనుక, వీటిని మత్తు పేరుతో పిలవడం చుట్టపుచూపుగా వచ్చినవాడి పేరు ఇంటికి పెట్టినట్టవుతుంది. నల్లమందులా ఈ గ్రాహకాలకు అతుక్కుని పనిచేసే పదార్థాలను, అవి బయటివైనా ఒంట్లోవైనా, ఓపియాయిడ్లు అంటారు కనుక ‘ఓపియాయిడ్ గ్రాహకాలు’ అని ఉంచండి. పిల్లలకు ఆ మాట కష్టం కాదు.

రెండవది ‘ఉపవాసం’. శివరాత్రినాడు శ్రీముఖలింగం వెళ్లే భక్తులు చేసేది ఉపవాసం. అందులో సంకల్పం ఉంది. ఇంట్లో గింజలు లేక పడుకుంటే అది పస్తు. ఈ విషయంపై ప్రయోగాలు జరిపే ప్రయోగశాలలో ఎలుకకు సంకల్పం ఉండదు కనుక దానికి ఉపవాసం అంటగట్టకూడదు. పైగా అక్కడ రెండు వేర్వేరు పద్ధతులున్నాయి: మొదటిది, ఒకటి రెండు రోజులు ఆహారం పూర్తిగా ఆపివేయడం, రెండవది, వారాల తరబడి రోజూ అరకడుపుకే పెట్టడం. మొదటిదాన్ని పస్తు పెట్టడమనీ, రెండవదాన్ని ఆహారం తగ్గించడమనీ వేరుచేసి రాస్తేనే పాఠం నిలుస్తుంది. ఎందుకంటే పద్ధతిని బట్టి, మెదడులోని భాగాన్ని బట్టి, గ్రాహకపు రకాన్ని బట్టి ఫలితాలు మారుతున్నాయి. ఒకచోట పెరుగుదల, మరొకచోట తరుగుదల కనిపిస్తున్నాయి.

అందరూ తేలికగా దాటిపోయే ‘తగ్గుతాయి’ అన్న క్రియ దగ్గరే అసలు చిక్కు ఉంది. మనుషుల మెదడును పెట్ స్కాన్ (ఒంట్లోకి ఎక్కించిన గుర్తుపదార్థం ఎక్కడ చేరిందో చూపే పరీక్ష)తో చూసేటప్పుడు గ్రాహకాలను ఒక్కొక్కటిగా లెక్కపెట్టరు. ఆ గుర్తుపదార్థం వాటికి ఎంత అతుక్కుందో కొలుస్తారు. ఆ కొలత తగ్గిందంటే గ్రాహకాల సంఖ్యే తగ్గి ఉండవచ్చు, లేదా శరీరం విడుదల చేసిన సొంత ఓపియాయిడ్లు అప్పటికే వాటిని ఆక్రమించి ఉండవచ్చు. బులీమియా అనే ఆహార రుగ్మత ఉన్న స్త్రీలలో ఇన్సులా అనే భాగంలో ఈ అతుకుడు తక్కువగా ఉన్నట్టు, పస్తులు ఎక్కువగా ఉండేవారిలో మరింత తక్కువగా ఉన్నట్టు 2005లో ప్రచురించారు. అక్కడ ‘గ్రాహకాలు తగ్గాయి’ అని రాస్తే, రెండు అర్థాలలో ఒకదాన్ని మనమే తేల్చేసినట్టు. ‘ఖాళీగా దొరికే గ్రాహకాలు తగ్గాయి’ అనడం న్యాయం. ఫిన్లాండులో మగవారిపై జరిపి 2017లో ప్రకటించిన పరిశీలనలో తిన్న తరువాత ఓపియాయిడ్లు విడుదలయ్యాయి. రుచికరమైన పిజ్జాకే కాదు, చప్పిడి ద్రవాహారానికి కూడా అలా జరగడం నన్ను ఆకట్టుకుంది. ఎండనపడి వచ్చి చోడి (రాగి) అంబలి తాగినవారు ‘ప్రాణం కుదుటపడింది’ అంటారే, పాఠంలో ఆ పలుకుబడిని పరిచయం చేయడానికి ఇది మంచి చోటు.

మీ అమ్మమ్మగారి మాట చక్కని జాతీయం, దానిలో తప్పు లేదు. అయితే అది ఈ పాఠానికి ఉదాహరణగా అమరదు. ఆకలిని రేపే గ్రెలిన్ అనే హార్మోను అలవాటైన భోజనవేళకు పెరిగి, తినకపోయినా తరువాత కొంత దిగుతుంది కనుక, ‘ఆకలి చచ్చిపోయింది’ అన్న మాటను గ్రెలిన్ పాఠంలో చెప్పండి.

మీ వాక్యాన్ని నేనైతే ఇలా రాస్తాను: ‘జంతువులను పస్తు పెట్టినప్పుడు, చాలాకాలం ఆహారం తగ్గించినప్పుడు మెదడులోని కొన్ని భాగాలలో ఓపియాయిడ్ గ్రాహకాలకు జరిగే అతుకుడులో మార్పులు కనిపించాయి, అవి అన్ని భాగాలలోనూ ఒకే తీరున లేవు.’