ఊలాంగ్ టీలో కెఫీన్ ఉండదా?

ప్రశ్న: నా వయసు 47 ఏళ్లు. థైరాయిడ్ సమస్యకు రోజూ పరగడుపున 75 మైక్రోగ్రాముల మాత్ర వేసుకుంటున్నాను. రక్తం తక్కువగా ఉందని ఐరన్ మాత్రలు కూడా రాశారు. బరువు తగ్గడానికి మంచిదని మా అబ్బాయి తైవాన్ నుంచి ఊలాంగ్ టీ తెచ్చి ఇచ్చాడు. రంగు లేతగా ఉంటుంది కనుక ఇందులో కెఫీన్ ఉండదనుకుని, రెండు నెలలుగా మామూలు టీ మానేసి ఇదే తాగుతున్నాను. ఉదయం ఒకసారి, రాత్రి ఎనిమిదిన్నరకు భోజనం అవగానే మరోసారి, రెండేసి చెంచాల ఆకు ఫ్లాస్కులో వేసి, అయిపోయినప్పుడల్లా మళ్లీ వేడినీళ్లు పోసుకుంటాను. ఈమధ్య రాత్రి ఒంటిగంట దాటినా నిద్ర పట్టడం లేదు, గుండె దడగా ఉంటోంది. ఇది టీ వల్లనేనా?
- ఒక పాఠకురాలు, హనుమకొండ

సమాధానం: చాలావరకు టీ వల్లనే కావచ్చునమ్మా, కానీ నింద మొత్తం టీ మీదే వేసి ఊరుకోవడానికి లేదు. ముందు టీ సంగతి చూద్దాం.

గ్రీన్ టీ, ఊలాంగ్, మనం రోజూ మరిగించుకునే టీ పొడి, ఈ మూడూ ఒకే జాతి మొక్క ఆకు నుంచే వస్తాయి. కోసిన ఆకును వాడబెట్టి, నలిపి, గాలిలోని ఆక్సిజన్‌తో పూర్తిగా మారనిస్తే నల్ల టీ, అంటే మన మామూలు టీ పొడి అవుతుంది. ఆ మార్పును మధ్యలోనే వేడితో ఆపేస్తే ఊలాంగ్ అవుతుంది. చైనాలోని ఫుజియాన్‌లోనూ, తైవాన్‌లోనూ ఇలా చేయడం పెద్ద విద్య. ఈ క్రమంలో మారేవి రంగు, రుచి, వాసన. కెఫీన్ మాత్రం ఆకులో పుట్టుకతోనే ఉంటుంది, రంగు లేతగా ఉన్నంత మాత్రాన అది పోదు. సుమారు 240 మిల్లీలీటర్ల కప్పు ఊలాంగ్‌లో సాధారణంగా 30 నుంచి 50 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది. అంతే కాఫీలో దీనికి దాదాపు రెట్టింపు ఉంటుంది.

అయితే మీ విషయంలో కప్పుల లెక్క పనికిరాదు, ఆకు లెక్క చూడాలి. తైవాన్ ఊలాంగ్ చాలావరకు చిన్న చిన్న ఉండలుగా గట్టిగా చుట్టి ఉంటుంది కనుక చెంచాలో కొంచెంగానే కనిపిస్తుంది గానీ తూకానికి ఎక్కువే వస్తుంది. మీ రెండు చెంచాలు 6 గ్రాములు అనుకుందాం. ఎండు టీ ఆకులో సుమారు 2 నుంచి 4 శాతం కెఫీన్ ఉంటుంది, అంటే 120 నుంచి 240 మిల్లీగ్రాములు. ఆకును ఫ్లాస్కులోనే ఉంచి నాలుగైదుసార్లు వేడినీళ్లు పోస్తే అందులో ఎక్కువ భాగం నీటిలోకి దిగిపోతుంది. రోజుకు రెండు పూటలంటే ఇది రెట్టింపు. మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు రోజుకు 300 మిల్లీగ్రాముల కెఫీన్ మించవద్దని చెబుతున్నాయి. మీరు ఆ గీత దగ్గరో, దాటేసో ఉన్నారు.

తాగే వేళ ఇంకా ముఖ్యం. మెదడులో నిద్రమత్తు కలిగించే అడినోసిన్ పనిని కెఫీన్ అడ్డుకుంటుంది. ఒంట్లో చేరిన కెఫీన్‌లో సగం తగ్గడానికి చాలామందిలో ఐదు గంటలు పడుతుంది, కొందరిలో ఇంకా ఎక్కువ. మీరు రాత్రి 150 మిల్లీగ్రాములు తాగారనుకుంటే, ఒంటిగంటన్నరకు కూడా 75 మిల్లీగ్రాములు మిగిలే ఉంటుంది. నడిరాత్రి ఓ కప్పు కాఫీ తాగి పడుకున్నట్టే. మొదటి నీళ్లు పారబోస్తే కెఫీన్ పోతుందని కొందరు చెబుతుంటారు. అర నిమిషం కడిగితే పోయేది కొద్దిగానే.

ఇక రెండో సంగతి. థైరాయిడ్ మాత్ర మోతాదు అవసరానికి మించితే కూడా దడ, నిద్రలేమి, చేతుల వణుకు అచ్చం ఇలాగే వస్తాయి. రక్తహీనత కూడా దడ పుట్టిస్తుంది. మీ వయసులో నెలసరి ఆగే దశ మార్పులూ నిద్రను చెడగొడతాయి. అందుకని టీఎస్‌హెచ్ (థైరాయిడ్ రక్తపరీక్ష), హీమోగ్లోబిన్ పరీక్షలు చేయించి, ఒక ఈసీజీ తీయించుకోండి. అంతవరకు మాత్రను సొంతంగా తగ్గించడం, ఆపడం చేయవద్దు.

టీని ఒక్కసారిగా మానేస్తే రెండు మూడు రోజులు తలనొప్పి రావచ్చు. ముందు రాత్రి ఫ్లాస్కు మానేయండి, ఉదయం ఆకును వారం పది రోజుల్లో ఒక చెంచాకు తగ్గించండి, మధ్యాహ్నం రెండు దాటాక తాగకండి. రాత్రి వేడిగా ఏదైనా కావాలంటే అల్లం నీళ్లో, జీలకర్ర నీళ్లో చాలు. తులసి టీ పేరుతో అమ్మే ప్యాకెట్లలో టీ ఆకు కూడా కలిసి ఉండవచ్చు, చూసి కొనండి. బరువు విషయంలో ఊలాంగ్ మీద పెద్దగా ఆశ పెట్టుకోకండి.

భోజనం అవగానే టీ తాగే అలవాటు మీకు మరో రకంగానూ నష్టమే. టీలోని పాలీఫినాల్స్ అనే వగరు పదార్థాలు పప్పు, ఆకుకూరల్లోని ఇనుమును పట్టేసి ఒంటికి పట్టనివ్వవు. ఈ తప్పు కెఫీన్‌ది కాదు కాబట్టి కెఫీన్ తీసేసిన టీ తాగినా అంతే. భోజనానికీ, ఐరన్ మాత్రకూ టీతో కనీసం గంట ఎడం ఉండాలి. థైరాయిడ్ మాత్ర వేసుకున్నాక గంట దాకా నీళ్లు తప్ప ఏమీ తాగకండి, ఐరన్ మాత్రను దానికి నాలుగు గంటల దూరంలో వేసుకోండి. దడతో పాటు ఛాతీనొప్పి, ఆయాసం, కళ్లు తిరిగి పడిపోవడం ఉంటే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. రక్తపరీక్ష రోజున రక్తం ఇచ్చిన తర్వాతే థైరాయిడ్ మాత్ర వేసుకోండి.