బండి దాకా రాలేనివాళ్లు

అమ్మాయీ,

గ్రామ సచివాలయంలో చేరాక నీకిది మొదటి తుఫాను సీజను. "బస్సులు పంపుతారు కదా పెదనాన్నా, ఎక్కించడమేగా" అన్నావు ఫోన్లో. అప్పట్నుంచీ మనసు నిలవక రాస్తున్నాను.

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు కనీసం 10 వేల మంది పోయారు. 1990 మేలో మళ్లీ పెద్ద తుఫాను కృష్ణా ముఖద్వారం దగ్గరే తీరం దాటింది. ఈసారి పోయినవాళ్లు వెయ్యిలోపే. ముందే లక్షకు పైగా జనాన్ని కదిలించారు కాబట్టి.

ఆ రోజు ట్రాక్టరు వెంట నన్నూ పంపారు. చెరువుగట్టు చివరి గుడిసెలో ముసలామె రానంటే రానంది. ఉప్పెన సంగతులన్నీ చెప్పాను, వినలేదు. డ్రైవరు దిగి, పాకలో కట్టేసిన చూడి గేదె పలుపు విప్పి, ఎత్తు రోడ్డు వైపు తోలించాడు. ఆమె మారుమాట్లాడకుండా మూట తీసుకొని ట్రాక్టరు దగ్గరికొచ్చింది. అందుకే చెబుతున్నా, రానన్నవాళ్లని భయపెట్టకు. ఏం వదల్లేకపోతున్నారో అడుగు.

ఇక తరలించాల్సినవాళ్ల లిస్టు. బండి లేనివాళ్లు ఊరి నిండా ఉంటారు. నువ్వు ముందు రాసుకోవాల్సింది బండి దాకా కూడా రాలేనివాళ్లని. మంచాన పడ్డవాళ్లు, నెలలు నిండినవాళ్లు, డయాలసిస్‌కి వెళ్లేవాళ్లు. రొయ్యల చెరువుల కాపలావాళ్లని మరిచిపోకు తల్లీ. పొరుగు రాష్ట్రాల నుంచి వచ్చి గట్టు మీద షెడ్డులో ఉంటారు, మన ఊరి ఏ కాగితంలోనూ వాళ్ల పేర్లుండవు. చెరువుల యజమానులకి ఫోన్ చేసి ఊరుకోకు, నువ్వే గట్టెక్కి చూడు.

బస్సు సందుల్లోకి రాదు. సందు నుంచి రోడ్డుకి ఆటో ఉండాలి. ఆటో అబ్బాయిని ముందు వాళ్లింటివాళ్లని దింపి రానివ్వు, అప్పుడు టెన్షన్ లేకుండా నీతో తిరుగుతాడు. కరెంటు పోతే పెట్రోలు బంకు పనిచేయకపోవచ్చు, ముందురోజే ట్యాంకు నింపించు. గాలి ముదిరితే ఆటో నిలవదు, చెట్లు పడతాయి. నడవలేనివాళ్లని మొదటి ట్రిప్పులోనే, పగటి వెలుతురులోనే చేర్చేయ్. షెల్టర్లో బాత్రూముకి తలుపు, లైటు ఉన్నాయో లేదో ముందే చూసుకో. అవి లేకపోతే ఆడవాళ్లు రారు.

ఒకసారి వాన తగ్గాక తిరుగు బండి రాలేదు. పిల్లల్ని చంకనేసుకొని బురదలో ఇళ్లకి నడిచారు. తర్వాతి తుఫానుకి వాళ్లలో చాలామంది తలుపే తీయలేదు. తిరుగు బండి కూడా ఇప్పుడే మాట్లాడిపెట్టు.

నీ పెదనాన్న