పెరట్లో నేల కన్నంలో కందిరీగలు

అన్నా, హన్మకొండ ఇంట్లో జామచెట్టు కింద కన్నంలోంచి కందిరీగలు గుంపుగా వస్తున్నాయి, కిరోసిన్ పోసి అంటించాలా అన్నారు కదా, ఆ పని మాత్రం చేయకండి, మంట ఎటు పోతుందో తెలియదు, మట్టీ పాడవుతుంది. పగలు దూరం నుంచే చూసి దారులు ఎన్నున్నాయో గుర్తుపెట్టుకోండి. వాన లేని రోజు, బాగా చీకటి పడి అన్నీ లోపలికి చేరాక, ఒళ్లంతా కప్పుకుని డెల్టామెత్రిన్ అనే పురుగుమందు పొడి కన్నం నోట్లో చల్లి వెంటనే వచ్చేయండి. ఆ పొడి వాటి కాళ్లకు అంటుకుని గూట్లోకి పోతుంది, అందుకే కన్నం మూయొద్దు. టార్చి నేరుగా కొట్టొద్దు, వెలుగు మీదికే ఎగబడతాయి. పిల్లల్ని, కుక్కను కొన్నాళ్లు అటు పోనీయకండి. ఒంటరిగా మట్టి తవ్వుకునే రకమైతే వదిలేయండి, అవి సాధారణంగా మన జోలికి రావు. కుట్టాక మొహం వాచినా, ఊపిరి ఆడకపోయినా ఆలస్యం వద్దు, వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి పోండి.