ట్రామా ఫోన్ రాగానే చెయ్యి వణుకుతోంది

ప్రశ్న: నమస్తే మేడం. పెద్ద ట్రామా (ప్రమాద గాయాల) ఆసుపత్రిలో అనస్థీషియా రెసిడెన్సీలో చేరి ఐదు నెలలైంది. ముందే తేదీ వేసుకున్న ఆపరేషన్లకు మత్తు ఇవ్వడం అలవాటైంది. ప్రమాదం కేసు వస్తోందని ఫోన్ వస్తే మాత్రం టెన్షన్, గొంతులోకి చూసి శ్వాసగొట్టం వేసే లారింగోస్కోప్ పట్టుకున్న చెయ్యి వణుకుతుంది. మా బ్యాచ్‌లో ఒకతను అస్సలు చలించడు. ఈ బ్రాంచి నాకు సరిపడదేమో అనిపిస్తోంది. మానేయనా?
– పేరు వద్దన్న పాఠకురాలు

జవాబు: మానేయొద్దమ్మా. నాకూ వణికేది. ఎందుకో తెలియడానికి ఏడాది పట్టింది. ఏం చేయాలో ఆలోచించడం, చేయడం రెండూ ఒకే క్షణంలో పెట్టుకునేదాన్ని. ఆలోచన ముందే అయిపోతే చేతికి ఒక్క పనే మిగులుతుంది.

ఫోన్ వచ్చాక పేషెంట్ లోపలికి రావడానికి కాస్త టైం ఉంటుంది. అది మీది. నోట్లోని వాంతి, రక్తం లాగేసే సక్షన్ మీరే ఆన్ చేసి చూడండి, దాని గొట్టం దిండు కింద పెట్టండి. గాయపడినవాళ్లందరికీ పొట్ట నిండుగా ఉందనే అనుకోవాలి, వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతే చాలా కష్టం. ట్యూబ్‌కు (శ్వాసగొట్టానికి) దారి చూపే సన్నని పుల్ల బూజీ చేతికందేలా, ఒక సైజు చిన్న ట్యూబ్ పక్కనే ఉండాలి. మందులు సిరంజీల్లోకి ఎక్కించి లేబుల్ అంటించండి. ఎక్కించే రక్తాన్ని వెచ్చబెట్టే బ్లడ్ వార్మర్ ఆన్ చేయండి, గదిలో చల్లదనం తగ్గించండి. ఒళ్లు చల్లబడితే రక్తం గడ్డకట్టదు, గడ్డకట్టకపోతే ఇంకా కారుతుంది.

తర్వాత, పక్కనున్నవాళ్లందరికీ వినపడేలా ప్లాన్ చెప్పండి: "ముందు వీడియో లారింగోస్కోప్, పడకపోతే మాస్క్‌తో ఆక్సిజన్, అదీ కాకపోతే గొంతులో కూర్చునే మాస్క్ ఎల్ఎంఏ, అదీ కుదరకపోతే మెడ ముందు నుంచి కోసి ట్యూబ్." మెడను కదలకుండా పట్టుకునేది ఎవరో పేరు పెట్టి చెప్పండి. ట్యూబ్ వేసేటప్పుడు మెడకు కట్టిన కాలర్ ముందు భాగం తీస్తాం, ఆ చేతులే అప్పుడు కాలర్. ట్యూబ్ పడిందనడానికి స్టెతస్కోప్ ఒక్కదాన్నే నమ్మొద్దు, బయటికొచ్చే ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్‌ను చూపే కాప్నోగ్రాఫ్ గీత వరసగా వస్తేనే నమ్మండి.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెబుతాను. మొదటి ఏడాదిలో ఒక రాత్రి, పొట్టలో రక్తస్రావంతో ఒక కుర్రాణ్ణి తెచ్చారు. బీపీ 90 ఉంది. ఫరవాలేదనుకుని ప్రొపోఫాల్ అనే మత్తుమందు మామూలు మోతాదే ఇచ్చాను. నిమిషంలోపే 50కి పడిపోయింది. ఆ 90ని నిలబెట్టింది అతని రక్తం కాదు. భయంతో, నొప్పితో బిగుసుకున్న రక్తనాళాలు. నా మందు ఆ బిగువును సడలించేసింది. ఆపైన వెంటిలేటర్ ఒత్తిడికి గుండెకు వచ్చే రక్తం ఇంకా తగ్గింది. మా సీనియర్ పరుగున వచ్చి రక్తం ఎక్కించి నిలబెట్టారు. ఆ కుర్రాడు బతికాడు. నన్ను ఆమె తిట్టలేదు. "ట్యూబ్ వేయకముందే పిలిస్తే నేను నడిచి వచ్చేదాన్ని" అన్నారు, అంతే.

అప్పటి నుంచి ఇలాంటి కేసులో కెటమిన్ అనే మత్తుమందు, అదీ తగ్గించిన మోతాదులో ఇస్తాను. కండరాలు సడలించే మందు మాత్రం తగ్గించను, రోకురోనియం అయితే కిలోకు 1.2 మిల్లీగ్రాములు. సర్జన్ గ్లౌజులు తొడిగి, పొట్ట శుభ్రం చేసి, గుడ్డలు కప్పి సిద్ధంగా ఉన్నాకే మత్తు మొదలుపెడతాను. పొట్ట తెరవగానే బీపీ మళ్లీ పడుతుందని ముందే అందరికీ చెబుతాను. రక్తం సంచులు వరసగా ఎక్కుతుంటే కాల్షియం కూడా ఇవ్వాలి. సంచిలోని సిట్రేట్ ఒంట్లోని కాల్షియాన్ని పట్టేసుకుంటుంది.

తలకు దెబ్బ తగిలితే లెక్క వేరు. రక్తం కారుతున్నవాళ్లకు రక్తస్రావం ఆగేదాకా బీపీ కొంచెం తక్కువగా ఉన్నా ఓర్చుకుంటాం. తల గాయంలో ఆ ఓర్పు పనికిరాదు, పడిపోయిన బీపీ మెదడును రెండోసారి దెబ్బతీస్తుంది.

అంబులెన్స్ వాళ్లను దెబ్బ తగిలి ఎంతసేపైందని తప్పకుండా అడగండి. 2010లో వచ్చిన క్రాష్-2 పరిశోధనలో 20 వేల మందికి పైగా ఉన్నారు. రక్తస్రావం తగ్గించే మందు ట్రానెక్సామిక్ యాసిడ్ మొదటి 3 గంటల్లో ఇస్తే రక్తస్రావ మరణాలు తగ్గాయి, ఆ తర్వాత మొదలుపెడితే మేలు లేకపోగా చెడు జరిగినట్టు కనిపించింది. మొదటి గ్రాము 10 నిమిషాల్లో, రెండోది 8 గంటల్లో. ఆ టైం అడిగే పని మీరు తీసుకోండి.

మీ బ్యాచ్‌మేట్ సంగతి వదిలేయండి. చలించకపోవడం నేర్పు కాదు. తొందరగా సాయం పిలిచే రెసిడెంట్‌నే నేను ఎక్కువ నమ్ముతాను.

ఒక పని చేయండి. ఒక వారం ట్రామా గదిలో ట్యూబ్ వేయనని, తయారీ, ప్లాన్ చెప్పడం మాత్రమే చేస్తానని మీ సీనియర్‌ని అడగండి. ఒప్పుకుంటారు. ఎనిమిదో రోజు లారింగోస్కోప్ పట్టుకున్నాక చెయ్యి ఎలా ఉందో నాకు రాయండి.