షాపు అద్దాల మీద అక్షరాలు, బొమ్మలు వేసే పనితో ఇల్లు గడుస్తుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ: ఉండేది తెనాలి, బొమ్మ వేయడం బాగా వచ్చు, అమెరికాలో క్రిస్మస్‌కి షాపుల అద్దాల మీద రంగులు వేసేవాళ్ల వీడియోలు చూశారు. ఇక్కడ అదే పని పెట్టుకుంటే బతకొచ్చా, ఫ్లెక్సీ ఉండగా దీనికి డబ్బులిచ్చేవాళ్లు ఉంటారా అని అడిగారు.

ఉంటారండీ. నేను గుంటూరులో బోర్డులు, గోడలు రాస్తూ పెరిగినవాణ్ణి. ఫ్లెక్సీ వచ్చి ఆ పని పడిపోయాక అద్దాల పనికి మళ్లాను. ఇప్పుడు ఇంటి ఖర్చు, పిల్లల ఫీజులు దీని మీదే నడుస్తున్నాయి. అయితే బొమ్మ అమ్ముదామని వెళ్తే మాత్రం నడవదు. షాపాయనకి కావాల్సింది ఈ నెలలో రోడ్డున పోయేవాళ్లకి చెప్పాల్సిన మాట. ఆ మాటకి గడువు అయిపోగానే చెరిపి ఇంకోటి రాయాలి. మన సంపాదన ఆ చెరిపి రాయడంలోనే ఉంది. ఫ్లెక్సీ ఒకసారి కడితే చిరిగేదాకా అలాగే వేలాడుతుంది, రెండు వారాలకి దాన్ని చూసేవాళ్లు ఉండరు. అద్దం మీద పాతది పోయి కొత్త రంగు పడిందంటే రోజూ ఆ దారిన వెళ్లే మనిషి కూడా తల తిప్పుతాడు.

అందుకే నేను ఏడాదిని పంచాంగం చూసుకుని లెక్కేస్తాను. సంక్రాంతికి బట్టల షాపులు, స్వీట్ షాపులు. అక్షయ తృతీయకి బంగారం కొట్లు. జూన్‌లో బడులు తెరిచేటప్పుడు పుస్తకాల షాపులు, బ్యాగుల షాపులు, చెప్పుల షాపులు. ఆషాఢంలో డిస్కౌంట్లు, అవి చెరిపిన చోటే శ్రావణమాసం పట్టుచీరలు, వరలక్ష్మీవ్రతం. తర్వాత దసరా, దీపావళి. డిసెంబరు మూడో వారం నుంచి బేకరీలు: క్రిస్మస్, ఆ వెంటనే కొత్త సంవత్సరం కేకులు. ఒక్క బట్టల షాపు కుదిరినా ఏడాదికి నాలుగైదుసార్లు పని. అలాంటి షాపులు పాతిక ముప్పై చేతిలో ఉంటే కొత్తవాళ్ల కోసం తిరగాల్సిన పని బాగా తగ్గుతుంది. సెలూన్లు, కళ్లజోళ్ల షాపులు, టిఫిన్ సెంటర్లు పండగలతో సంబంధం లేకుండా రాయిస్తాయి గానీ తరచుగా మార్చవు. మూఢం వచ్చి పెళ్లిళ్లు ఆగిన నెలల్లో వీటితో నెట్టుకురావచ్చు.

ఇక పని సంగతి. వీడియోల్లో వాళ్లు ఎక్కువగా అద్దం బయటి వైపు నీటి రంగులు వేస్తారు. మన కోస్తాలో అలా వేస్తే నిలవదు. లోపల ఎ.సి. నడుస్తుంటుంది, బయట ఉక్కపోత. చల్లబడిన అద్దానికి బయటి వైపు చెమ్మ పడుతుంది. దానికి తోడు పొద్దున్నే షాపు కుర్రాడు బకెట్టు, గుడ్డ పట్టుకుని అద్దం తుడుస్తాడు. వానలైతే చెప్పక్కర్లేదు. కాబట్టి లోపలి వైపు నుంచి వెయ్యండి. వానా గుడ్డా రెండూ తగలవు.

లోపల వేయడమంటే అంతా తిరగేసి వేయాలి. అద్దంలో కనిపించినట్టు రాయడం ఒక ఎత్తు, రంగుల వరస తిరగబడటం ఇంకో ఎత్తు. గోడ మీద ముందు నిండుగా రంగు నింపి, ఆఖర్న అవుట్‌లైను, మెరుపు గీతలు ఇస్తాం. ఇక్కడ మొదట వేసిందే బయటికి ముందు కనిపిస్తుంది. కాబట్టి మెరుపు గీత, అవుట్‌లైను ముందు. అవి ఆరాక లోపలి రంగు. అన్నిటి వెనకా చివర తెల్లరంగు ఒక పూత. ఆ తెల్లపూత మానొద్దు. అది లేకపోతే పగలు అక్షరం పేలవంగా కనిపిస్తుంది, రాత్రి షాపులో లైట్లు వేయగానే బ్రష్ చారలన్నీ బయటపడతాయి.

రంగుల్లో నాకు నమ్మకమైనది నీళ్లలో కలిపే అక్రిలిక్. ఫెవిక్రిల్, క్యామ్లిన్ ఏదైనా ఫరవాలేదు. పెద్ద అక్షరాలకి మంచి ఎమల్షన్ (గోడలకి వేసే నీటి రంగు) తెల్లరంగులో స్టెయినర్, అంటే సీసాల్లో వచ్చే చిక్కటి రంగు, కలుపుకుంటే ఖర్చు బాగా తగ్గుతుంది. ఎనామిల్ (టర్పెంటాయిల్‌తో పలచన చేసే నూనె రంగు) గట్టిగా పట్టుకుంటుంది, ఏడాది ఉండాల్సిన షాపు పేరుకి, ఫోన్ నంబరుకి అదే వాడతాను. కానీ మూసి ఉన్న ఎ.సి. షాపులో ఆ టర్పెంటాయిల్ వాసన తలనొప్పి. బేకరీలో, స్వీట్ షాపులో అయితే అసలు తెరవొద్దు. తినే వస్తువులకి వాసన పడితే షాపాయన మళ్లీ పిలవడు.

రంగు వేసే ముందు అద్దం కడగడమే సగం పని. చేతి జిడ్డు, అగరబత్తి పొగ, పాత స్టిక్కర్ల జిగురు ఉంటే అక్రిలిక్ పొరలా లేచి వచ్చేస్తుంది. సబ్బు నీళ్లతో కడిగి, ఆరాక స్పిరిట్‌తో ఒకసారి తుడవండి. తీసేటప్పుడు నీళ్లు చల్లి నానబెట్టి, కొత్త బ్లేడుతో ఒకే వైపు లాగాలి. ఇప్పుడు షాపుల ముందు పెట్టేది చాలావరకు టఫెన్డ్ గ్లాసు, అంటే వేడి చేసి గట్టిపరిచిన అద్దం. దాని మీద పొడిగా బ్లేడు ఆడిస్తే సన్నగీతలు పడతాయి, ఎండ పడినప్పుడు కనిపిస్తాయి. ఆ అద్దం వెల మన పని డబ్బులకి ఎన్నో రెట్లు. లోపలి వైపు ఎండ ఆపే ఫిల్మ్ అంటించి ఉంటే దాని మీద వేయనే వేయొద్దు, చెరిపేటప్పుడు ఫిల్మ్ చిరుగుతుంది. అలాంటి చోట్ల బయటి వైపు ఎనామిల్‌తో చిన్నగా రాసి సరిపెట్టండి. మామూలు అద్దం పడమటి ఎండకి ఎదురుగా ఉంటే దాని నిండా ముదురు రంగు పులమకండి. రంగు ఉన్నచోట వేడెక్కి, అంచులు చల్లగా ఉండి, అద్దం పగిలే ప్రమాదం ఉంది.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన విషయం, తెలుగు అక్షరం. మీరు బొమ్మ బాగా వేస్తారు, సంతోషం. కానీ మనకి డబ్బులు తెచ్చేది అక్షరమే. ఇంగ్లీషు పెద్దక్షరాలన్నీ ఒకే పట్టీలో కూర్చుంటాయి. తెలుగుకి పైన గుడి, ఏత్వం, కింద ఒత్తులు ఉంటాయి. ‘శ్రీ లక్ష్మీ శారీస్’ రాసి చూడండి. ‘క్ష్మీ’ ఒక్కటే మూడంతస్తులు అడుగుతుంది. మధ్య అక్షరం, అంటే గుడి, ఒత్తులు కాకుండా అసలు అక్షరం, ఆరు అంగుళాలు అనుకుంటే పైకీ కిందికీ కలిపి దాదాపు ఇంకో ఆరు అంగుళాలు వదలాలి. కొత్తవాళ్లు ఇంగ్లీషు కొలతలో పట్టీ గీసుకుని, తర్వాత ఒత్తులన్నీ నలిపేస్తారు. అవతలి రోడ్డు నుంచి చూస్తే నల్లపూసల్లా కలిసిపోయి కనిపిస్తాయి.

తిరగేసి రాసేటప్పుడు ఇంకో చిక్కు. మామూలుగా రవొత్తు అక్షరానికి ఎడమ వైపు నుంచి వచ్చి కింద చుట్టుకుంటుంది, తిరగేస్తే అది కుడి వైపు నుంచి రావాలి. చెయ్యి అలవాటున పాత వైపుకే పోతుంది. అందుకే తెలుగు మాట ఏదీ నేను నేరుగా అద్దం మీద రాయను. పేపరు మీద సరిగ్గా రాసుకుని, గీత వెంట సూదితో చిల్లులు పెట్టి, ఆ పేపరు తిరగేసి అద్దానికి అంటించి, సుద్దపొడి మూటతో అద్దుతాను. మగ్గం వర్క్ వాళ్లు జాకెట్ మీద డిజైన్ దించేది కూడా చిల్లుల పేపరుతోనే. మీ వీధిలో ఎవరైనా ఉంటే ఒకపూట కూర్చుని చూడండి, చెయ్యి త్వరగా పడుతుంది. ‘డిస్కౌంట్’, ‘ఆషాఢం ఆఫర్’ లాంటి మాటల పేపర్లు దాచుకుంటే ఏళ్లతరబడి పనికొస్తాయి.

అక్షరం సైజుకి బోర్డుల పనిలో ఒక పాత లెక్క ఉంది. అంగుళం ఎత్తు అక్షరం పదడుగుల దూరం నుంచి హాయిగా చదవొచ్చు. గంటకి 30 కిలోమీటర్ల వేగంతో పోయే బండి సెకనుకి 8 మీటర్ల పైచిలుకు కదులుతుంది. బండి మీద మనిషికి మూడు సెకన్లు దొరకాలంటే 25 మీటర్ల నుంచే కనపడాలి, అంటే ఎనిమిది అంగుళాల అక్షరం. అది ఇంగ్లీషు లెక్క. తెలుగుకి మధ్య అక్షరమే ఎనిమిది అంగుళాలు ఉండేట్టు చూసుకుంటాను. అందుకే బండ్లు పరిగెత్తే రోడ్డు మీద షాపుకి రెండు మూడు మాటలకి మించి ఒప్పుకోను. మా గుంటూరులో అరండల్‌పేట, బ్రాడీపేట సందుల్లాగా జనం నడిచే చోట చిన్న అక్షరాలు, రేట్ల పట్టిక అన్నీ నడుస్తాయి. పగలు అద్దం నల్లగా కనిపిస్తుంది కాబట్టి తెలుపు, పసుపు ముందుకొస్తాయి. ఎరుపు, నీలం దూరానికి మునిగిపోతాయి, వాటికి తెల్ల అంచు ఇవ్వాలి.

షాపులవాళ్లని కలిసే పద్ధతి కూడా చెప్తాను. పొద్దున బోణీ కాకముందు ఎవరి గడపా తొక్కకండి. సాయంత్రం బేరాలు ముసిరే వేళా వద్దు. మధ్యాహ్నం మూడు, నాలుగు మధ్య ఓనరు గారు కాస్త తీరిగ్గా ఉంటారు. ఖాళీ చేతులతో వెళ్లి మీకేం కావాలండీ అంటే ఆయన దగ్గర జవాబు ఉండదు. ముందురోజు ఆ షాపు ఫోటో తీసుకుని, ఫోన్‌లోనే దాని అద్దం మీద మీ అక్షరాలు వేసి చూపించండి. తన షాపు తనకే కొత్తగా కనిపించాక మాట సులువవుతుంది. మొదలుపెట్టే రోజు, వేళ ఆయన్నే అడగండి. చాలామంది మంగళవారం వద్దంటారు, రాహుకాలం చూస్తారు. పూజలో పసుపు కుంకుమ పెట్టుకోవడానికి పైమూల కొంచెం చోటు వదిలేస్తే ఆయనకి చాలా తృప్తి.

రేటు దగ్గర ఫ్లెక్సీతో పోటీ పడొద్దు. చదరపు అడుగుకి పదో పదిహేనో రూపాయలంటారు వాళ్లు, ఆ లెక్కలో మనకి టీ డబ్బులు కూడా రావు. నేను అడుగుల లెక్క చెప్పను, పని మొత్తానికి చెప్తాను. చిన్న అద్దమైనా ₹2,000 కంటే తక్కువకి వెళ్లను. నాలుగడుగులు ఏడడుగుల అద్దానికి అక్షరాలు, చిన్న బొమ్మ కలిపి మూడు నుంచి నాలుగు వేలు. రంగుల ఖర్చు అందులో మూడొందలు దాటదు, మిగతాదంతా మన చేతి మజూరి, చెరిపే రోజు శ్రమ. ఏడాదికి నాలుగు మార్పులు ఒప్పుకున్న షాపుకి ఒక్కో పని మీద కొంత తగ్గిస్తాను, చెరపడం ఉచితం. సగం అడ్వాన్సు తీసుకున్నాకే పేపరు మీద పెన్సిలు పెట్టండి. రాయాల్సిన మాటలు వాట్సాప్‌లో రాతపూర్వకంగా తెప్పించుకోండి. ఫోన్ నంబర్లో ఒక్క అంకె తేడా వస్తే తప్పెవరిదన్న వాదనే ఉండదు. పని అయ్యాక కింది మూల మీ పేరు, నంబరు చిన్నగా రాసుకునే ఒప్పందం కూడా ముందే చేసుకోండి. నాకు కొత్త పనులు ఎక్కువగా ఆ మూల నుంచే వచ్చాయి.

కాగితాల విషయం తేలికే. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాలకి కేంద్ర ప్రభుత్వ నమోదు) ఆన్‌లైన్లో ఉచితం, ఎవరికీ డబ్బు ఇవ్వక్కర్లేదు. సేవల వ్యాపారానికి ఏడాది రాబడి 20 లక్షలు దాటేదాకా మామూలుగా జి.ఎస్.టి. రిజిస్ట్రేషన్ అవసరం ఉండదు. చేతివృత్తులవాళ్లకి కేంద్రం పెట్టిన పి.ఎం. విశ్వకర్మ పథకంలో లోను వస్తుందని ఎవరైనా తిప్పితే తిరగకండి, అందులోని 18 వృత్తుల్లో మన పని లేదు. కావాలంటే చిన్న వ్యాపారాలకి బ్యాంకులిచ్చే ముద్ర లోనులో, శిశు అనే మొదటి మెట్టు కింద ₹50,000 దాకా అడగొచ్చు. కానీ బ్రష్‌లు, రంగులు, ఒక మడత నిచ్చెన, బ్లేడ్లు అన్నీ కలిపి ఏడెనిమిది వేలతో అయిపోయే పనికి అప్పు ఎందుకని నా అభిప్రాయం. ఇంకో మాట షాపాయనకి మీరే చెప్పొచ్చు: మన షాపుల చట్టం నిబంధనల ప్రకారం పేరు బోర్డు మీద తెలుగు ఉండాలి, మిగతా భాషలు దాని కిందే రావాలి. ఇంగ్లీషు ఒక్కటే పెట్టుకున్న షాపు కనిపిస్తే అది మీకు పని ఉన్న షాపే. 2022 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్లాస్టిక్ ఫ్లెక్సీల నిషేధం ప్రకటించినప్పుడు చాలామంది పాత ఆర్టిస్టులు మళ్లీ బ్రష్‌లు దులిపారు. ఫ్లెక్సీలు ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి కాబట్టి నిషేధం మీద లెక్కలు వేసుకోకండి.

మీకైతే మొదటి పనిగా ఆషాఢం పట్టుకోమంటాను. మొదలవడానికి మూడు వారాల ముందే మీ ఊళ్లో బట్టల షాపులు చూసి, అద్దం ఖాళీగా ఉన్న ఐదారింటికి ఫోన్‌లో డిజైన్లు వేసి తీసుకెళ్లండి. ఒక్కరు ఒప్పుకున్నా, ఆ అద్దం మీద శ్రావణమాసం ఏం రాయాలో కూడా అదే రోజు మాట్లాడేసుకుని రండి. లోపలి వైపు తిరగేసి రాయడంలో ఎక్కడైనా ఆగిపోతే ఇక్కడే ఫోటో పెట్టి అడగండి, చూసి చెప్తాను.