మందుల జాబితాపై రోగుల అభిప్రాయం అడుగుతున్నారు... ఏం రాయాలి?

ప్రశ్న: నాకు 47 ఏళ్లు. చాలాకాలంగా రుమటాయిడ్ ఆర్థరైటిస్ (కీళ్లవాతం) ఉంది. మెథోట్రెక్సేట్ వాడుతున్నా పూర్తిగా తగ్గడం లేదు. ఈ జబ్బుకు వచ్చిన ఓ కొత్త మందును ప్రభుత్వం ఖర్చు భరించే మందుల జాబితాలో చేర్చాలా వద్దా అని పరిశీలిస్తున్నారు. రోగులు కూడా అభిప్రాయం పంపవచ్చన్నారు. నేనైతే ఆ మందు వాడలేదు. నిపుణులు తేల్చే విషయంలో నా మాట ఎవరు పట్టించుకుంటారు? రాస్తే ఏం రాయాలి?
- ఓ పాఠకురాలు

సమాధానం: తప్పకుండా రాయండి. కొత్త మందు వాడలేదని వెనకాడకండి. ఇప్పుడున్న మందులతో ఏ ఇబ్బంది తీరడం లేదన్నది కూడా ఆ మందును పరిశీలించే కమిటీకి తెలియాలి. అది చెప్పాల్సింది మీలాంటివాళ్లే.

కమిటీ ముందు ట్రయల్స్ (మందును రోగులపై పరీక్షించే అధ్యయనాలు) ఫలితాలు, ఖర్చు లెక్కలు ఎలాగూ ఉంటాయి. కానీ ట్రయల్‌లో కొలిచిందే ఆ కాగితాల్లో కనిపిస్తుంది. మీ జబ్బు సంగతే తీసుకోండి. వాచిన కీళ్లెన్ని, నొప్పి ఎంత, రక్తపరీక్షలో ఏం వచ్చింది అన్నవే మా డాక్టర్లు చాలాకాలం లెక్కపెట్టారు. కీళ్లజబ్బుల పరిశోధనల్లో ఏవేవి కొలవాలో తేల్చే ఓమెరాక్ట్ అనే అంతర్జాతీయ బృందం 2002లో తన సమావేశంలో రోగులనూ కూర్చోబెట్టింది. వాళ్లు పట్టుబట్టి చెప్పింది నీరసం గురించి. రాత్రంతా నిద్రపోయి లేచినా వదలని నీరసం. ఆ తర్వాత కొన్నేళ్లకు, ఈ జబ్బుపై చేసే ట్రయల్స్‌లో దాన్నీ కొలవాలని ఆ బృందం నిర్ణయించింది. మీకూ ఆ నీరసం ఉంటే ముందు దాని గురించే రాయండి.

అభిప్రాయాలు పంపితే నిర్ణయం మారుతుందా? ఒక్కోసారి మారుతుంది. వయసుతో చూపు మందగించే మాక్యులర్ డీజెనరేషన్‌కు రానిబిజుమాబ్ ఇంజెక్షన్‌ను ఎవరికి ఇవ్వాలన్న దానిపై ఇంగ్లండ్‌లో ప్రభుత్వ వైద్యసేవలో ఏ మందులు ఇవ్వాలో తేల్చే నైస్ సంస్థ 2007లో ముసాయిదా ఇచ్చింది. రెండు కళ్లలో మెరుగ్గా కనిపించే కంటికే, అదీ జబ్బులో ఒక రకానికే ఇవ్వాలన్నది దాని సారాంశం. అంటే మొదట ఒక కంటికి జబ్బు వస్తే, రెండోదానికీ వచ్చేదాకా ఆగాలన్నమాట! రోగులు, వాళ్ల సంఘాలు ఊరుకోలేదు. 2008 ఆగస్టులో వచ్చిన తుది నిర్ణయంలో ఆ షరతు లేదు. అయితే అంతా అభిప్రాయాల బలమే అనుకోకండి. ఒక్కో కంటికి 14 ఇంజెక్షన్లు దాటాక మందు ఖర్చు తామే భరిస్తామని కంపెనీ దిగిరావడమూ అందుకు తోడైంది.

ఇక మీరు రాయాల్సింది. 'ఈ మందు నాకు చాలా అవసరం, దయచేసి ఇప్పించండి' అంటే చదివేవాళ్లకు జాలి కలుగుతుందేమో గానీ, చర్చకు అక్కరకు రాదు. పొద్దున లేచాక బిగుసుకుపోయిన వేళ్లు ఎంతసేపటికి వదులవుతున్నాయి? గుండీలు పెట్టుకోగలుగుతున్నారా? మందు సీసా మూత మీరే తీయగలరా? ఉద్యోగంలో ఏం వదులుకున్నారు? మెథోట్రెక్సేట్ వేసుకున్న మర్నాడు వికారంతో పడుకుండిపోతుంటే అదీ రాయండి. వారానికో రోజు అలా పోతే ఏడాదికి ఎన్ని రోజులో వాళ్లే లెక్క వేసుకుంటారు. డబ్బుల్లేక ఎప్పుడైనా డోసు ఎగ్గొట్టి ఉంటే మొహమాటపడకుండా చెప్పండి. డాక్టర్ దగ్గర కూడా చాలామంది దాచే విషయం ఇది.

కొత్త మందు మాత్రా, ఇంజెక్షనా కనుక్కోండి. మీరే పొడుచుకోవాల్సిన ఇంజెక్షన్ అయితే, వాచిన వేళ్లతో ఆ పెన్నులాంటి ఇంజెక్షన్‌ను నొక్కడం కుదురుతుందా? కొత్త మందుతో ఇన్ఫెక్షన్ల ముప్పు కాస్త పెరిగినా పర్లేదనుకుంటారా? ఎంత మేలు జరిగితే? దీనికి సరైన జవాబంటూ లేదు, మీ మనసులో ఉన్నదే రాయండి. కొత్త మందంటే మీకు భయం ఉంటే ఆ భయాన్నీ దాచక్కర్లేదు.

ఎవరో రాసిచ్చిన నమూనా కాగితంపై పేరు మార్చి మాత్రం పంపకండి. ఒకే ముక్క పదిమంది పంపితే కమిటీకి అందే సమాచారం ఒక్కరిదే. మందు కంపెనీ నుంచి మీకుగానీ మీ సంఘానికిగానీ డబ్బు అందితే ఆ సంగతి ముందే చెప్పేయాలి.

పంపే పద్ధతి అన్నిచోట్లా ఒకటి కాదు. ఆస్ట్రేలియాలో ఎవరికి వారే పంపవచ్చు. కెనడా జాతీయ సంస్థ ఎక్కువగా రోగుల సంఘాల ద్వారా తీసుకుంటుంది. అదే దేశంలోని బ్రిటిష్ కొలంబియా రాష్ట్రం మాత్రం రోగులనూ, వాళ్లను చూసుకునే ఇంట్లోవాళ్లనూ నేరుగా అడుగుతుంది. మీ దగ్గర ఏ పద్ధతో, గడువు ఎప్పటిదాకో ముందే చూసుకోండి. పేరు బయటపెడతారా లేదా అన్నదీ అడగండి.

ఈలోగా కొత్త మందు వస్తుందన్న ఆశతో మెథోట్రెక్సేట్ ఆపకండి. వారానికోసారి వేసుకోవాల్సిన మందు అది, పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణానికే ప్రమాదం. వికారం ఎక్కువైతే ఫోలిక్ యాసిడ్ గురించి, లేదంటే మాత్రకు బదులు ఇంజెక్షన్‌గా తీసుకోవడం గురించి మీ రుమటాలజిస్టును అడగండి. జాబితాలో లేని మందునూ డాక్టర్ ప్రత్యేకంగా రాసి అడిగితే మంజూరు చేసే ఏర్పాటు కొన్ని పథకాల్లో ఉంటుంది. మీ పథకంలో అది ఉందేమో ఆ డాక్టర్‌నే వాకబు చేయమనండి.