అనుమానంతో కంచం ఖాళీ చేయకు

లావణ్యా,

నువ్వు పంపిన లిస్టు చదివాను. వంకాయ, టమాటా, గోంగూర, కందిపప్పు, శనగపిండి, గుడ్డు, చేప, పాలు, గోధుమలు, అరటిపండు, వేరుశనగ గుళ్లు. చర్మం పొడిబారి, ఎర్రబడి, దురద పెట్టే బుడ్డోడి ఎగ్జిమాకు తిండే కారణమన్న అనుమానంతో వాడికి ఇవన్నీ మానిపించారు, పాలిచ్చే తల్లివని నీ చేతా మానిపించారు. ఇక మీ ఇద్దరికీ మిగిలింది అన్నం, నెయ్యి, పొట్లకాయ. పది నెలల పిల్లాడి బరువు రెండు నెలలుగా కదల్లేదంటే కదలదు మరి. పిల్లల వార్డులో నర్సుగా రిటైరయ్యే దాకా ఇలాంటి పథ్యాలు చాలా చూశాను. మా పెద్దాడిని పెంచేటప్పుడు ఇంట్లోనూ ఇదే గొడవ. వాడికి మోకాళ్ల వెనక, మోచేతుల మడతల్లో రసి కారేది. అందుకే ఫోన్లో చెప్పకుండా కూర్చుని రాస్తున్నాను. నిదానంగా చదువు, మీ ఆయనకూ చదివి వినిపించు.

ఎగ్జిమా తిండి వల్ల పుట్టేది కాదు. ఈ పిల్లల చర్మం తడిని నిలబెట్టుకోలేదు, బయటి చికాకులను ఆపలేదు. అది చాలావరకు పుట్టుకతో వచ్చే తత్వం. మీ మామగారికి ఉబ్బసం, మీ ఆయనకు పొద్దున లేస్తూనే తుమ్ములు. ఆ ఇంటి పిల్లాడికి ఇలాంటి చర్మం రావడంలో వింతేం లేదు. కాకపోతే ఎగ్జిమా కాస్త గట్టిగా ఉన్న పసిపిల్లల్లో దాదాపు మూడో వంతు మందికి ఏదో ఒక ఆహార ఎలర్జీ కూడా ఉంటుంది. ఆ ఒకటీ అరా ఏవో పట్టుకోవాలి, మిగతావన్నీ మళ్లీ కంచంలోకి రావాలి.

ముందు చర్మం సంగతి చూడు. చర్మం పగిలి మండుతున్నన్నాళ్లూ ఏం పెట్టినా ఎర్రబడినట్టే కనిపిస్తుంది, ఏ తిండినీ నమ్మకంగా పరీక్షించలేవు. గోరువెచ్చని నీళ్లతో ఐదు పది నిమిషాల్లో స్నానం ముగించు. మెత్తటి బట్టతో అద్ది, ఒంటి మీద ఇంకా చెమ్మ ఉండగానే వాసన లేని మాయిశ్చరైజర్ ఒళ్లంతా పట్టించు. చిటికెడు రాస్తే చాలదు, ఈ వయసు పిల్లలకు వారానికి పావుకిలో దాకా పట్టడం మామూలే. డాక్టరు రాసిచ్చిన స్టెరాయిడ్ క్రీము చూసి భయపడకు. పెద్దవాళ్ల చూపుడువేలి కొన నుంచి మొదటి గీత దాకా ట్యూబులోంచి పిండితే వచ్చేంత క్రీము, పెద్దవాళ్ల అరచేతులు రెండూ కలిపినంత మేర చర్మానికి సరిపోతుంది. ఎక్కడ, ఎన్నాళ్లు రాయాలో డాక్టరు చెప్పినట్టే చెయ్యి. మందుల షాపులో అడిగి తెచ్చే, స్టెరాయిడ్, ఫంగస్ మందు, యాంటీబయాటిక్ మూడూ కలగలిపిన ట్యూబు మాత్రం ఇంట్లో ఉంచకు. బెజవాడ ఎండల్లో చెమట కూడా పెద్ద శత్రువే. వదులు నూలు బట్టలు వెయ్యి, గోళ్లు కత్తిరించి ఉంచు.

సున్నిపిండి మానెయ్యమంటే మీ అత్తగారు నొచ్చుకుంటారని తెలుసు. అయినా ఆపాల్సిందే. పెసలు, శనగపప్పు ఆడించిన పిండితో పగిలిన చర్మాన్ని రుద్దితే గీరుకుపోవడం ఒక నష్టం. ఇంకొకటి పైకి కనపడదు. పొట్టలోకి వెళ్లిన పదార్థాన్ని ఒళ్లు తిండిగా అలవాటు చేసుకుంటుంది. అదే పగిలిన చర్మం గుండా లోపలికి వెళితే శత్రువుగా గుర్తుపెట్టుకునే ప్రమాదం ఉంది. నువ్వుల నూనె మర్దనా అంతే. నూనె రాయాల్సిందేనని పట్టుబడితే కొబ్బరినూనె రాయనీ, క్రీము మాత్రం మానొద్దు. అన్నట్టు, మీ ఇంట్లో ఆవకాయ కలిపిన చేతులతోనో, కారం డబ్బా సర్దిన చేతులతోనో వాణ్ణి ఎత్తుకుంటున్నారేమో చూడు. గుంటూరు కారం మంట మనకే తెలుసు, ఆ చర్మం సంగతి చెప్పాలా?

ఇక తిండి. నీ లిస్టులో నిజంగా అనుమానించాల్సినవి నాకు రెండే కనిపించాయి.

మొదటిది గుడ్డు. పెట్టిన అరగంటలో మూతి చుట్టూ దద్దుర్లు లేచి, పై పెదవి వాచిందన్నావు. అసలైన ఎలర్జీ ఇలాగే ఉంటుంది. నిమిషాల నుంచి రెండు గంటల లోపు దద్దుర్లు, వాపు, వాంతి, పిల్లికూతలు వస్తాయి. ఇంట్లో మళ్లీ పెట్టి చూడకు, పచ్చసొనే కదా అని కూడా పెట్టకు, దానికి తెల్లసొన అంటుకోకుండా ఉండదు. కేకుల్లో, కొన్ని బిస్కెట్లలోనూ గుడ్డు ఉంటుంది, ప్యాకెట్ వెనక చదివే కొను. గుడ్డు పడదని తట్టు, రుబెల్లా రాకుండా వేసే ఎంఆర్ టీకా మాత్రం ఆపకండి, గుడ్డు ఎలర్జీ ఉన్న పిల్లలకూ అది వేస్తారు.

రెండోది పాలు. నువ్వు పాలు తాగిన మర్నాడు వాడి బుగ్గలు ఎర్రబడుతున్నాయన్నావు. ఇలా ఆలస్యంగా, ఆరు గంటల నుంచి రెండు రోజుల్లోపు ఎగ్జిమా రేగడం కూడా ఉంది. కానీ దీన్ని పట్టుకోవడం కష్టం. ఆ రోజే వాడికి చెమట పట్టి ఉండొచ్చు, పన్ను వస్తూ ఉండొచ్చు. పైగా మీరు చేస్తున్నది పరీక్షే కాదు. పాలు మానేశాం అంటూనే మజ్జిగన్నం తింటున్నావు, నెయ్యి వేసుకుంటున్నావు. ఆవు పాలు పడకపోతే గేదె పాలో మేక పాలో పట్టమని ఎవరో చెప్పారట. ఆ మాంసకృత్తులన్నీ ఒక తీరువే, ఆవు పాలు పడని పిల్లల్లో చాలామందికి అవీ పడవు.

పరీక్ష ఇలా చెయ్యాలి. డాక్టరు సరేనంటేనే మొదలుపెట్టు. ముందు రెండు వారాలు క్రీములు, స్నానం ఒక పద్ధతిలో పెట్టు, పాల విషయంలో ఏదీ మార్చకు. ఆ తర్వాత నీ తిండిలోనూ వాడి తిండిలోనూ పాలు, పెరుగు, మజ్జిగ, నెయ్యి, కోవా, పన్నీరు పూర్తిగా ఆపు. రెండు నుంచి నాలుగు వారాలు చాలు. ఆ రోజుల్లో నీ కాల్షియం సంగతి డాక్టరుతో మాట్లాడు. రాగిజావ తాగు, రాగుల్లో 100 గ్రాములకు 350 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంటుంది. నాలుగు వారాల్లో తేడా లేకపోతే పాల తప్పు లేదు, మళ్లీ మొదలుపెట్టు. తేడా కనిపిస్తే అప్పుడూ మళ్లీ మొదలుపెట్టాలి, ఈసారి డాక్టరు చెప్పిన పద్ధతిలో. పాలు వచ్చాక ఎగ్జిమా మళ్లీ రేగితేనే అది పాల పని అని తేలుతుంది. చాలామంది ఈ రెండో సగం చెయ్యరు. ఆపగానే కాస్త తగ్గిందని ఏళ్ల తరబడి మాన్పించేస్తారు. చాలాకాలం దూరం పెట్టిన పదార్థాన్ని మళ్లీ పెట్టినప్పుడు, అంతకుముందు లేని తీవ్రమైన ఎలర్జీ వచ్చిన పిల్లలున్నారు.

ఒక నోటుబుక్కు పెట్టు. తిన్నది, తిన్న టైము, దురద, రాత్రి నిద్ర, ఆ రోజు చెమట, కొత్త సబ్బు, జ్వరం, అన్నీ రాయి. ఫోన్లో ఫోటోలు తియ్యి, ఎర్రబడ్డప్పుడే కాదు, తగ్గినప్పుడు కూడా.

బయట తినేటప్పుడు జాగ్రత్త. ఇడ్లీలో పాలు, గోధుమలు ఉండవు గానీ పక్కన వచ్చేది వేరుశనగ చట్నీ. మైసూర్ బజ్జీలో మైదా, పెరుగు రెండూ ఉంటాయి. చాలా రకాల ఇంగువ పొడుల్లో గోధుమపిండి కలిసి ఉంటుంది, ఇది ఎవరూ గమనించరు. ఎలర్జీ తేలేదాకా ఇవన్నీ మానమని కాదు, ఏ పరీక్ష నడుస్తున్నా ఇవి గుర్తుంచుకోమని.

వంకాయ, టమాటా, గోంగూర, పప్పు, అరటిపండు నేడే మొదలుపెట్టు. టమాటా, గోంగూర పులుపు మూతికి అంటుకుని కాసేపు ఎర్రబడటం ఎలర్జీ కాదు. తినిపించే ముందు మూతి చుట్టూ క్రీము రాసి, తిన్నాక తుడిస్తే సరిపోతుంది. గోధుమలు, చేప ఇదివరకు ఏ గొడవా లేకుండా తిన్నవే, వాటికీ భయం వద్దు.

వేరుశనగ మీద తొందరపడకు, అలాగని వదిలేయకు. 2015లో బ్రిటన్ నుంచి వచ్చిన లీప్ అధ్యయనంలో, ఎగ్జిమా తీవ్రంగా ఉన్న లేదా గుడ్డు పడని 640 మంది పసిపిల్లల్ని 4 నుంచి 11 నెలల వయసులో చేర్చుకుని, సగం మందికి వేరుశనగ పెట్టారు, సగం మందికి ఐదేళ్ల వయసు వచ్చేదాకా దూరం పెట్టారు. పెట్టిన వాళ్లలో వేరుశనగ ఎలర్జీ చాలా తక్కువగా వచ్చింది. మనవాడికి గుడ్డు తేడా చేసింది కాబట్టి, ముందు డాక్టరు టెస్టు చేయించి, వాళ్ల సలహాతో పల్చటి ముద్దలా ఇవ్వాలి. గుళ్లు మాత్రం ఐదేళ్లు దాటేదాకా పెట్టకు, గొంతులో అడ్డం పడతాయి.

టెస్టుల విషయంలో మోసపోకు. ఒంటి మీద చిన్నగా గుచ్చి చూసే ప్రిక్ టెస్టు, ఎలర్జీలో పనిచేసే ఐజీఈ అనే యాంటీబాడీని రక్తంలో చూసే టెస్టు పనికొస్తాయి. పాజిటివ్ వచ్చినంత మాత్రాన పడదని కాదు, హాయిగా తినే పిల్లలకీ పాజిటివ్ వస్తుంది. అందుకే ఒకటి రెండు అనుమానాలకే చేయించాలి. వంద పదార్థాలకు ఒకేసారి చేసే ప్యానెల్, ఐజీజీ అనే ఇంకో యాంటీబాడీని చూసే టెస్టు శుద్ధ దండగ. ఆఖరి మాట ఆస్పత్రిలో డాక్టరు ఎదుట కొద్దికొద్దిగా తినిపించి చూడటమే.

మీ అత్తగారితో వాదనకు దిగకు. పిల్లాడి బరువు కార్డు ఆవిడ చేతికిచ్చి, డాక్టరు దగ్గరికి నీతో రమ్మను. డాక్టరు నోట విన్న మాట మన మాటకన్నా త్వరగా దిగుతుంది. ఆవిడకి ఇంకో సంగతి కూడా చెప్పు, పాలు, గుడ్డు ఎలర్జీలు చాలామంది పిల్లల్లో బడికెళ్లే వయసుకు పోతాయని. మా వాడు ఇప్పుడు ఆమ్లెట్ లేకుండా అన్నం ముట్టడు.

ఎప్పుడైనా తిన్న వెంటనే, వాంతులు ఉన్నా లేకున్నా, ఊపిరి ఆడకపోయినా, పిల్లాడు సోలిపోయినా ఎలర్జీ సిరప్ పోసి కూర్చోకు, 108కి ఫోన్ చెయ్యి. అప్పుడు కావాల్సింది అడ్రినలిన్ ఇంజెక్షన్.

పుండ్ల మీద పసుపుపచ్చ పొక్కు కట్టినా, జ్వరం వచ్చినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకు. మామూలుగా అయితే వచ్చే వారమే బెజవాడ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి (జీజీహెచ్) చర్మవ్యాధుల ఓపీకి గానీ, మీ పిల్లల డాక్టరు దగ్గరికి గానీ వెళ్లు. ప్రిక్ టెస్టు చేస్తామంటే దానికి ముందు ఐదు నుంచి ఏడు రోజులు ఎలర్జీ సిరప్ ఆపమంటారు, ఆ తేదీ ముందే అడిగి తెలుసుకో. నోటుబుక్కు, ఫోటోలు, వాడుతున్న ట్యూబులన్నీ సంచిలో వేసుకుని వెళ్లు.

నీ పెద్దమ్మ,
బ్రాడీపేట, గుంటూరు